కుక్కర్ కూతకి చావని గింజ

పోయిన వానాకాలంలో సీతంపేట కొండల మీది నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. డిగ్రీ అయిపోయింది, పనేటీ దొరకలేదు, ఊరికి వచ్చేసినాడు.

"అన్నా, వెదురు కొమ్ములు సంతలో ఊరికినే అడుగుతున్నారు. ముక్కలు కోసి, ఉప్పు నీళ్లలో ఉడకబెట్టి, సీసాల్లో పోసి మూత బిగించేస్తే ఆరు నెలలు ఉంటాదంట. యూట్యూబ్‌లో చూసినాను. వైజాగ్‌లో ఇద్దరు హోటలోళ్లు తీసుకుంటామన్నారు. మొదలెట్టేయమంటావా?"

నేను ఆగమన్నాను. ఎందుకన్నాడు. ఫోన్లో ఎందుకో చెప్పడానికి గంట పట్టింది. అది ఒక్కడికే చెప్పి ఊరుకునేది కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను. నేను సైన్సు చదువుకున్నవాడిని కాదు. ఇంటర్ దగ్గర ఆగిపోయి, తర్వాత పుస్తకాలు పట్టుకుని సొంతంగా తెలుసుకున్నదే. కానీ ఈ సంగతి మాత్రం చాలా ఏళ్లుగా వెనకపడి చదివినాను. దానికి కారణం ఒకటుంది, తర్వాత చెబుతాను.

ముందు థాయ్‌లాండ్ ఎల్దాం. ఆ దేశం ఉత్తరాన నాన్ అని ఒక జిల్లా. అదీ మనలాగే కొండలు, అడవి, వెదురు, కొండ జాతుల జనం. 2006 మార్చిలో అక్కడ బాన్ లువాంగ్ అనే చోట ఊరి పండగ జరిగింది. భోజనాల్లో వెదురు కొమ్ములు వడ్డించినారు. ఊళ్లో వాళ్లే ఉడకబెట్టి పెద్ద రేకు డబ్బాల్లో మూత వేసి దాచినవి. తిన్నవాళ్లకి వాంతులు, కడుపునొప్పి. తర్వాత కళ్లు మసకలు, ఒకటి రెండుగా కనబడడం, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ముద్ద మింగుడు పడకపోవడం. మొత్తం 209 మంది పడిపోయారు. 134 మందిని ఆస్పత్రిలో చేర్చినారు. అందులో 42 మందికి ఊపిరి ఆడక వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. విరుగుడు మందు ఆ దేశంలో సరిపడా లేక బయట దేశాల నుంచి విమానాల్లో తెప్పించినారు. ఒక్కరూ చనిపోలేదు. అది ఆ దేశం ఆస్పత్రుల గొప్ప. మన కొండల మీద ఒకే రోజున 42 వెంటిలేటర్లు కావాలంటే ఏటి జరుగుతాదో నేను చెప్పక్కర్లేదు. ముందు డోలీ దిగాలి కదా.

ఆ డబ్బాల్లో కొమ్ములు పచ్చివి కాదు. ఉడకబెట్టినవే. మరి ఉడికినదాంట్లో పురుగు ఎలాగ బతికింది?

బతికింది పురుగు కాదు, దాని గింజ. దీన్నే స్పోర్ అంటారు, మన స్కూలు పుస్తకాల్లో సిద్ధబీజం అని ఉంటాది. అన్ని బాక్టీరియాలూ దీన్ని చేసుకోలేవు. క్లాస్ట్రీడియం జాతి, బాసిల్లస్ జాతి, ఇలాంటి కొన్ని మాత్రమే చేసుకుంటాయి. తిండి అయిపోయి, కరువు వచ్చిందని తెలియగానే, ఆ కణం తన జాతకం మొత్తాన్ని చిన్న మూటలా కట్టి, లోపలి నీళ్లు వీలైనంత బయటికి తోసేసి, చుట్టూ పొర మీద పొర కట్టుకుంటాది. లోపల నీటి బదులు డైపికోలినిక్ ఆమ్లం అనే పదార్థం కాల్షియంతో కలిసి గట్టిగా సర్దుకుని ఉంటాది. దాని డీఎన్ఏకి ప్రత్యేకమైన ప్రోటీన్లు కవచంలా అతుక్కుని ఉంటాయి. ఊపిరి లేదు, తిండి లేదు, పెరగడం లేదు. అలాగే ఏళ్లకేళ్లు పడి ఉంటాది.

చోడి విత్తనం సంగతి ఆలోచించండి. బాగా ఎండినది గాదిలో ఉంటే ఏళ్లు నిలవుంటాది. ఎండకి, పొగకి ఏమీ కాదు. అదే విత్తనాన్ని నానబెట్టి మొలక తెప్పించు. ఆ మొలక ఒక్క ఎండకి వాడిపోతాది. స్పోరూ అంతే. నీళ్లు లేనంతసేపు రాయి. నీళ్లు తాగి మొలకెత్తితే మామూలు బాక్టీరియా, మరుగు కంటే బాగా తక్కువ వేడికే చచ్చిపోతాది.

ఈ గింజ ఎంత మొండిదో మన్యంలో తెలిసిన వాళ్లున్నారు. దొమ్మ రోగం, ఆంత్రాక్స్ అంటారే, దాని బాసిల్లస్ కూడా ఇదే రకం. రోగంతో చచ్చిన పశువు పడిన నేలలో ఆ గింజలు దశాబ్దాలు బతికి ఉంటాయి. 2016లో అరకులోయ మండలం కోడిపుంజువలసలో ఆ కేసులు వచ్చినప్పుడు పేపర్లన్నీ రాసినాయి. చచ్చిన పశువుని కొయ్యొద్దని, లోతుగా పాతి సున్నం వెయ్యమని చెప్పేది అందుకే. ఉడకబెడితే పోతాదిలే అనుకోకూడదు, కోసినవాడి చేతికే అంటుకుంటాది.

ఇప్పుడు వేడి లెక్క. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఇందులోనే అసలు కిటుకుంది.

నాన్‌లో విషం చేసిన బాక్టీరియా పేరు క్లాస్ట్రీడియం బాట్యులినం. దాని స్పోర్లు 121 డిగ్రీల తడి వేడిలో సుమారు 12 సెకన్లకి పదోవంతుకి తగ్గిపోతాయి. ఇంకో 12 సెకన్లకి మళ్లీ పదోవంతు. డబ్బాల ఫ్యాక్టరీలోళ్లు ఈ పదోవంతు కోతని పన్నెండుసార్లు వేస్తారు. అంటే డబ్బా మధ్యన ఉన్న ముక్కకి కూడా 121 డిగ్రీలు తగిలి సుమారు 3 నిమిషాలు ఉండాలి. ఇది ప్రపంచమంతా పాటించే లెక్క. అమెరికాలో 1919, 1920ల్లో డబ్బా ఆలివ్ కాయలు తిని జనం చచ్చిపోతే, ఎస్టీ, మేయర్ అనే ఇద్దరు కూర్చుని ఈ గింజల్ని కొలిచి 1922లో బయటపెట్టినారు.

వేడి 10 డిగ్రీలు తగ్గితే పట్టే టైము పదింతలు అవుతాది. 121 దగ్గర 3 నిమిషాలైతే 111 దగ్గర అరగంట. 101 దగ్గర 5 గంటలు. మామూలు గిన్నెలో నీళ్లు మరిగేది 100 దగ్గర. ఎస్టీ, మేయర్ కొలతలో కూడా 100 డిగ్రీల దగ్గర అయిదున్నర గంటలు పట్టింది. మన తమ్ముడు ఉడకబెడదామనుకున్నది ముప్పావుగంట.

కొండ మీదైతే ఇంకా కష్టం. పైకి ఎక్కేకొద్దీ గాలి పల్చబడతాది, నీళ్లు తొందరగా మరిగిపోతాయి. సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతాది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండే అరకు లాంటి చోట నీళ్లు 97 డిగ్రీలకే తెర్లిపోతాయి. బుడగలు అవే, ఆవిరి అదే, కంటికి తేడా తెలీదు. కానీ పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ మూడు డిగ్రీలకి టైము రెట్టింపవుతాది. కింద అయిదు గంటలు పట్టేది పైన పది గంటలు. పది గంటలు ఉడికితే అది కొమ్ముల కూర కాదు, జావ.

మరి కుక్కరో?

ఇక్కడే చాలామంది తప్పు అనుకుంటారు. కుక్కర్లో ఒత్తిడికి పురుగులు నలిగి చస్తాయని. కాదు. కుక్కర్ లోపల ఒత్తిడి బయటికంటే ఎక్కువలో ఎక్కువ ఒక్క రెట్టు. చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ అదనం. స్పోరుకి అది దోమ వాలినంత కూడా కాదు. ఒత్తిడి చేసేది ఒకటే, నీళ్లని 100 దగ్గర మరగనివ్వదు. 120 దాకా లాక్కుపోతాది. చంపేది ఆ వేడి. 1679లో డెనీ పాపెన్ అనే ఫ్రెంచాయన మొదటిసారి ఇలాంటి బిగింపు కుండ చేసి ఎముకలు మెత్తగా ఉడికించి చూపించినాడు. స్పోరంటే ఏటో లోకానికి తెలియడానికి ఇంకా రెండొందల ఏళ్లు ఉందప్పటికి.

అలాగని ఇంటి కుక్కర్లో సీసాలు పెట్టి మూడు కూతలేసి దించేస్తే సరిపోదు. కూత టైముకి కొలత కాదు. లోపల గాలి పూర్తిగా బయటికి పోకపోతే ఆవిరితో కలిసి వేడి తగ్గిపోతాది. సీసా పక్కన 120 ఉన్నా సీసా మధ్యన ముక్కకి అది చేరడానికి చాలాసేపు పడతాది. ఎంతసేపో ప్రతి సరుక్కీ, ప్రతి సీసా సైజుకీ వేరే. దానికి మీటరున్న పెద్ద యంత్రం కావాలి, దాన్ని రిటార్ట్ అంటారు. మిలిటరీ వాళ్లకి మైసూరులో రక్షణ శాఖ తిండి పరిశోధనశాల తయారుచేసిన బిర్యానీ, కూర ప్యాకెట్లు ఫ్రిజ్ లేకుండా నెలలు నిలవుండేది ఆ పద్ధతితోనే.

ఇంకో రకం ఒత్తిడి ఉంది. అది మాత్రం నిజంగా ఒత్తిడే. పెద్ద ఉక్కు గొట్టంలో నీళ్లు నింపి, అందులో తిండి ప్యాకెట్లు వేసి, 6,000 వాతావరణాల దాకా నొక్కుతారు. అంటే బొటనవేలి గోరంత చోటు మీద 6 టన్నులు. గోరు మీద రెండు ఏనుగులు నిలబడినట్టు. ఏనుగు బరువెంతో మన్యం జిల్లావాళ్లకి నేను చెప్పనక్కర్లేదు, పొలాల్లో చూస్తూనే ఉన్నాం. నీళ్లు అన్ని పక్కల నుంచీ సమానంగా నొక్కుతాయి కాబట్టి పండు చితికిపోదు. మామూలు బాక్టీరియా మాత్రం ఆ దెబ్బకి చచ్చిపోతాది. వేడి తగలదు కాబట్టి రుచి, రంగు పచ్చిగానే ఉంటాయి. 1899లో అమెరికాలో బెర్ట్ హైట్ అనే ఆయన పాల మీద దీన్ని మొదలెట్టినాడు. 1990లో జపాన్‌లో ఇలా చేసిన జాములు అమ్మకానికి వచ్చినాయి. ఇప్పుడు పెద్ద ఊళ్లలో ఖరీదైన పళ్లరసాలు కొన్ని ఇలాగే వస్తున్నాయి.

కానీ స్పోర్? అది ఆ రెండు ఏనుగుల్నీ మోసేస్తాది. చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ నొక్కినా చాలా స్పోర్లు చావవు. అందుకే ఆ ఖరీదైన రసం సీసా మీద కూడా ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉంటాది.

ఇక్కడ శాస్త్రవేత్తలకి ఒక తమాషా దొరికింది. వెయ్యి, రెండువేల వాతావరణాల దగ్గర నొక్కితే స్పోర్ చావదు, నిద్రలేస్తాది. తిండి దొరికిందేమో అని దాని పైనున్న తలుపులు మోసపోయి తెరుచుకుంటాయి. ఇంకా బాగా ఎక్కువ నొక్కితే లోపల సర్దుకున్న డైపికోలినిక్ ఆమ్లం బయటికి పోయి, నీళ్లు లోపలికి వస్తాయి. అంటే నానిన గింజ. అప్పుడు వేడి తగిలితే చచ్చిపోతాది. పాత రోజుల్లో, 1877 ప్రాంతంలో, టిండాల్ అనే ఆయన కూడా ఇదే కిటుకు ఒత్తిడి లేకుండా వాడినాడు. ఎండుగడ్డి కషాయం ఎంత మరగబెట్టినా పాడైపోతుంటే, ఒకసారి మరిగించి, ఆగి, గింజలు మొలిచాక మళ్లీ మరిగించి, అలా నాలుగైదుసార్లు చేసి గెలిచినాడు.

అయితే అన్ని గింజలూ ఒకేసారి లేవవు. మన ఇళ్లలో లాగే, ఎంత తట్టినా లేవనోళ్లు కొందరుంటారు. బాట్యులినం స్పోర్లు చాలా మొండివి. ఆ నిద్రమొద్దులు ఒకటి రెండు మిగిలినా చాలు. అందుకని ఒత్తిడీ వేడీ రెండూ కలిపేస్తారు. తిండిని ముందే 90 డిగ్రీల చుట్టుపక్కలకి వేడిచేసి, అప్పుడు 6,000 వాతావరణాలు నొక్కితే, ఆ నొక్కుడుకే వేడి ఇంకా పెరుగుతాది. ప్రతి వెయ్యికీ సుమారు 3 డిగ్రీలు, నూనె ఉంటే ఇంకా ఎక్కువ. కన్నుమూసి తెరిచేలోగా తిండి ముక్క మధ్య దాకా ఒకేసారి 110, 120కి చేరిపోతాది. ఒత్తిడి తీసెయ్యగానే ఆ పెరిగిన వేడి దిగిపోతాది. బయటి నుంచి వేడి మెల్లగా పాకి లోపలికి చేరే బాధ లేదు, కూర జావవ్వదు. 2009లో అమెరికా ప్రభుత్వం ఈ పద్ధతిని మెత్తటి బంగాళదుంప మీద మొదటిసారి ఒప్పుకుంది. ఆ యంత్రం కోట్ల సరుకు. మన ఊరికి రేపో ఎల్లుండో రాదు. కానీ ఎవడైనా వచ్చి "మాది ప్రెషర్ పద్ధతి, ఫ్రిజ్ అక్కర్లేదు" అంటే, "వేడి ఎంత పెడతావు?" అని అడగడం మాత్రం ఇవాళే నేర్చుకోవచ్చు.

మరి డబ్బు లేనోడు ఏటి చెయ్యాలి? స్పోర్‌ని చంపలేకపోతే మొలవనియ్యకుండా ఉంచాలి. మన పెద్దోళ్లు చేసింది అదే. ఎండబెట్టినారు, ఉప్పేసినారు, పులియబెట్టినారు. పులుపుకి ఒక కొలత ఉంది, పీహెచ్ అంటారు. అది 4.6 కంటే తక్కువైతే బాట్యులినం మొలవలేదు. సీతంపేట అనాస చూడండి, అది 3, 4 మధ్యనే ఉంటాది. చింతపండు ఇంకా పులుపు. కాబట్టి అనాస ముక్కల్ని, రసాన్ని, జాముని మామూలు మరుగు వేడితో సీసాల్లో పెట్టుకోవచ్చు. స్పోర్ అందులో ఉన్నా నిద్రలోనే ఉంటాది. వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, పచ్చి పనసకాయ, మొక్కజొన్న పులుపు లేనివి. వీటిని సీసాలో నీళ్లతో మూతేసి గదిలో పెట్టడమంటే బాట్యులినంకి ఇల్లు కట్టి ఇచ్చినట్టు. దానికి గాలి పడదు, గాలి లేని సీసా కావాలి. మిగతా సూక్ష్మజీవుల్ని నువ్వే ఉడకబెట్టి చంపేశావు, పోటీ కూడా లేదు. పచ్చడికి పైన నూనె పోస్తే గాలి తగలదు, భద్రమంటారు. బాట్యులినం విషయంలో కాపాడేది నూనె కాదు, కింద ఉన్న ఉప్పూ పులుపూ. పట్నంవాళ్లకోసం ఉప్పు తగ్గించి, పులుపు తగ్గించి పచ్చళ్లు పెట్టే వాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

ఆ విషం కథ కూడా చెప్పాలి. స్పోర్ మొండిది గానీ అది మొలిచాక చేసే విషం మొండిది కాదు. పది నిమిషాలు బాగా తెర్లించితే బాట్యులినం విషం విరిగిపోతాది. వాసన, రంగు, డబ్బా ఉబ్బడం, ఇవి ప్రతిసారీ ఉండవు. ఇంట్లో దాచిన డబ్బా ఏదైనా తీసి నేరుగా నోట్లో పెట్టుకోవద్దు. ఉబ్బిందైతే మరిగించడం కూడా వద్దు, పశువులకీ పెట్టొద్దు, పారెయ్యండి. తిన్నాక కళ్లు మసకలు, రెప్పలు వాలడం, మింగుడు పడకపోవడం కనబడితే జ్వరం లేదు కదా అని ఆగొద్దు. ఆ రోజే ఆస్పత్రి. ఏటి తిన్నారో ముందు అదే చెప్పండి.

అన్ని విషాలూ అలా విరగవు. ఇక్కడే నా కారణం. ఎనిమిదో తరగతిలో నేను హాస్టల్లో ఉండేవాడిని. ఏ హాస్టలో అనవసరం. రాత్రి పెద్ద డేగిసాలో మిగిలిన అన్నం మూతేసి వంటింట్లోనే ఉంచేవారు. పొద్దున్న పోపు పెట్టి, చింతపండు పులుసు కలిపి మాకు వడ్డించినారు. గంటన్నరకి వరసపెట్టి వాంతులు. మా వరసలో ఉన్న చిన్న గుంటడు బావి గట్టు మీదే పడిపోయినాడు. కొండ పిల్లలకి తిండి యావ, అతిగా తిన్నారు అన్నారు పెద్దలు. ఆ మాట నాకు చాలా ఏళ్లు గుచ్చుకుంది. తర్వాత పుస్తకంలో బాసిల్లస్ సిరియస్ గురించి చదివాకే తెలిసింది. బియ్యంలో దాని స్పోర్లు మామూలుగానే ఉంటాయి. అన్నం ఉడికితే చావవు. పెద్ద గిన్నెలో మధ్యన అన్నం రాత్రంతా గోరువెచ్చగానే ఉంటాది. అక్కడ మొలిచి, వాంతి విషం చేస్తాయి. ఆ విషం మళ్లీ వేయించినా, పోపేసినా, చింతపండు కలిపినా విరగదు. కుక్కర్ వేడికీ లొంగదు. మేం అతిగా తినలేదు.

అందుకే హాస్టళ్లలో వంట పెద్దది అయ్యేకొద్దీ ప్రమాదం పెద్దదవుతాది. కోడికూర, సాంబారు గంగాళాల్లో క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అని ఇంకోటి ఇలాగే మొలుస్తాది. అన్నం మిగిలితే వెడల్పు పళ్లేల్లో పల్చగా పరిచి తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా 60 డిగ్రీలకి పైన వేడిగా ఉంచాలి. రెండూ కుదరకపోతే పారెయ్యాలి. వండిన గంటలోపు నీళ్లు పోసి పులియబెట్టే చద్దన్నం వేరే కథ, అక్కడ పులుపు పుట్టి సిరియస్‌ని పెరగనివ్వదు. 1996లో గుజరాత్‌లో ఒక రెసిడెన్షియల్ స్కూల్లో 34 మంది పిల్లలు బాట్యులిజం లాంటి జబ్బుతో పడిపోయారు. అనుమానం శనగపిండి సేవు మీద. అక్కడా హాస్టల్ పిల్లలే. హాస్టల్లో మీ చెల్లో తమ్ముడో ఉంటే వంటగదిలోకి వెళ్లి మిగిలిన అన్నం ఎక్కడ పెడుతున్నారని అడగండి. అడిగే హక్కు మనకుంది.

తేనె గురించి ఒక్క ముక్క. మన కొండ తేనె మంచిది, అందరికీ ఇష్టం. కానీ ఏ తేనెలోనైనా బాట్యులినం స్పోర్లు ఉండొచ్చు. తేనెలో నీళ్లు తక్కువ కాబట్టి మొలవవు. పెద్దవాళ్ల పేగుల్లోనూ మొలవనివ్వవు అక్కడున్న మిగతా బాక్టీరియాలు. పసికందు పేగులో ఆ కాపలా ఇంకా లేదు. అందుకని ఏడాది నిండని బిడ్డ నాలిక మీద తేనె రాయొద్దు. వస అరగదీసి తేనెతో నాకించే అమ్మమ్మలకి నెమ్మదిగా చెప్పండి, గొడవ పడకుండా.

అంగన్‌వాడీల్లో ఇచ్చే టెట్రా ప్యాకెట్ పాలు ఫ్రిజ్ లేకుండా నెలలు ఉంటాయని, అందులో మందు కలిపారని ఊళ్లలో అనుకుంటారు. మందు కాదు. పైన లెక్క గుర్తుంది కదా, 10 డిగ్రీలు పెరిగితే టైము పదోవంతు. ఆ పాలని 135 డిగ్రీలకి పైగా కొన్ని సెకన్లు మాత్రమే వేడిచేసి, శుభ్రం చేసిన ప్యాకెట్లో గాలి తగలకుండా నింపుతారు. కత్తిరించాక మాత్రం మామూలు పాలే, ఆ పూటే తాగించాలి. ఉబ్బిన ప్యాకెట్ తిరిగిచ్చెయ్యండి.

ఇప్పుడు ఊరూరా తిండి తయారీ యూనిట్లు పెట్టుకోమంటున్నారు. మంచిదే. నేను కూర్చున్న ఒక శిక్షణలో లేబుల్ రంగు గురించి, ప్యాకెట్ బొమ్మ గురించి రెండు రోజులు చెప్పినారు. వేడి ఎంత, పులుపు ఎంత అన్నది ఒక్కరూ ఎత్తలేదు. రెండువేల లోపే చిన్న పీహెచ్ మీటర్ దొరుకుతాది. ఒక మంచి థర్మామీటర్ ఇంకా చవక. వెదురు కొమ్ములు, పనస సీసాల్లో పెట్టి అమ్మాలంటే రిటార్ట్ కావాలి, అది ఒక్కొక్క గ్రూపు కొనలేదు. పది ఊళ్లకి ఒకటి కావాలని ఐటీడీఏ గ్రీవెన్స్‌కి వెళ్లినప్పుడు రాసివ్వండి. మిషన్‌తో పాటు దాన్ని నడిపే మనిషికి జీతం కూడా అడగండి, లేకపోతే అది షెడ్డులో తుప్పు పడతాది.

మన తమ్ముడు కొమ్ముల సీసాలు మానేసినాడు. సన్నగా తరిగి ఎండబెట్టి అమ్ముతున్నాడు, వాళ్ల అవ్వ చేసినట్టే. మొన్న మళ్లీ ఫోన్. ఈసారి సీతాఫలం గుజ్జంట. దాని పులుపు 5 చుట్టుపక్కల, వేడిచేస్తే చేదెక్కిపోతాది, ఫ్రీజర్లో గడ్డకట్టించడమే దారి అని చెప్పినాను. మీ ఊళ్లో కరెంటు రోజుకి ఎన్ని గంటలు పోతాది అని అడిగినాను. నెల రోజులు లెక్క రాసి పంపుతానన్నాడు.